మూడు హోటళ్ల లెక్క ఒకచోట కనబడాలంటే సాఫ్ట్‌వేర్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెబుతాను. తిరుపతి బస్టాండు దగ్గర మీ నాన్నగారు పెట్టిన శాకాహార హోటల్ ఇప్పుడు మూడు బ్రాంచిలైంది. రెండోది తిరుచానూరు రోడ్డులో, మూడోది చిత్తూరులో. పిండి, పొడులు, స్వీట్లు తిరుచానూరు రోడ్డు వంటగదిలో తయారై మిగతా రెండు చోట్లకు వెళ్తాయి. శ్రీకాళహస్తిలో నాలుగోది తెరవబోతున్నారు. అమ్మకాలు పెరిగాయి కానీ నెలాఖరుకు చేతిలో మిగిలేది పెరగలేదు. అన్నీ కలిపిన ఈఆర్‌పీ (స్టోర్, బిల్లింగ్, ఖాతాలు ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెడతామని ఒక కంపెనీ నాలుగున్నర లక్షలు అడుగుతోంది. పెట్టాలా, పెడితే ఏది ముందు అన్నది మీ సందేహం.

సిస్టమ్ తప్పకుండా పెట్టండి. ఆ నాలుగున్నర లక్షల ప్యాకేజీ మాత్రం ఇప్పుడు వద్దు. మొదట స్టోర్ గది, తర్వాత అన్ని బ్రాంచిల్లో ఒకే బిల్లింగ్, ఆ తర్వాత వంటకాల లెక్క. ఈ వరుస మారిస్తే డబ్బు పోవడమే కాదు, మీ పనివాళ్లకు కంప్యూటర్ అంటేనే నమ్మకం పోతుంది. పోయిన ఆ నమ్మకం మళ్లీ రావడానికి రెండేళ్లు పట్టడం నేను కళ్లారా చూశాను.

నేను హోటల్ పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక హోటల్లో స్టోర్ కీపర్‌గా చేరాను. తర్వాత ఐదు బ్రాంచిలున్న ఒక సంస్థలో మొత్తం వ్యవహారాలు చూసుకున్నాను. ఎనిమిదేళ్లుగా మీలాంటి కుటుంబ హోటళ్లకు ఈ లెక్కలు కుదిర్చే పని చేస్తున్నాను.

చాలామంది బిల్లింగ్ కౌంటర్‌తో మొదలుపెడతారు. అమ్మడానికి వచ్చేవాళ్లు చూపించేది అదే కాబట్టి. పెద్ద స్క్రీన్, ఫోన్‌లో ఎప్పటికప్పుడు అమ్మకాలు, రంగురంగుల గ్రాఫులు. చూడ్డానికి బాగుంటుంది. కానీ మీ బాధ అమ్మకం తెలియకపోవడం కాదు కదా, మిగలకపోవడం. సరుకు చేయి మారే ప్రతిచోటా కొంత లెక్క తప్పుతుంది. మార్కెట్ నుంచి స్టోర్‌కి, స్టోర్ నుంచి వంటగదికి, అక్కడి నుంచి బ్రాంచికి, బ్రాంచి వంటగది నుంచి టేబుల్‌కి, టేబుల్ నుంచి క్యాష్ కౌంటర్‌కి. ఈ ఐదింటిలో బిల్లింగ్ మెషిన్‌కి కనబడేది చివరి రెండే. మొదటి మూడూ దానికి తెలియవు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఐదు బ్రాంచిల హోటల్లో నూనె లెక్క ప్రతి నెలా తక్కువ వచ్చేది. అందరి చూపూ వంట మాస్టర్ మీదే. ఆయన పదిహేనేళ్లుగా ఉన్న మనిషి. యజమాని ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తీరా చూస్తే తప్పు మా రిజిస్టర్‌లోనే ఉంది. అందులో ‘నూనె, 40 టిన్నులు’ అని మాత్రమే రాసేవాళ్లం. మార్కెట్లో 15 కిలోల టిన్నూ దొరుకుతుంది, 15 లీటర్ల టిన్నూ దొరుకుతుంది. లీటరు నూనె బరువు దాదాపు 910 గ్రాములు కాబట్టి 15 లీటర్ల టిన్నులో ఉండేది 13.65 కిలోలే. కొనేవాళ్లు రేటు తక్కువని లీటర్ల టిన్నులు తెచ్చేవాళ్లు, సాఫ్ట్‌వేర్‌లో మేం టిన్నుకు 15 కిలోలని పెట్టాం. టిన్నుకు 1.35 కిలోల తేడా. 40 టిన్నులకు 54 కిలోలు. ఎవరూ దొంగిలించని నూనె ప్రతి నెలా పోయినట్టు కనబడింది.

బియ్యం విషయంలో దీనికి తిరగేసిన తప్పు జరుగుతుంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉండే, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ తర్వాతే మన వైపు 26 కిలోల మూటలు మామూలైపోయాయి. చాలా హోటళ్ల కంప్యూటర్లలో మూట అంటే ఇంకా 25 కిలోలే. అంటే మూటకో కిలో లెక్కకు రాకుండా లోపలికి వస్తోంది. తక్కువ వస్తే గొడవవుతుంది, ఎక్కువ వస్తే ఎవరూ పట్టించుకోరు. నెలకు వంద మూటలు వాడే చోట నిజంగానే 80 కిలోలు వృథా అయినా ఆ లెక్కలో కనబడదు. పైగా మిగిలినట్టే చూపిస్తుంది.

అందుకే సాఫ్ట్‌వేర్ కొనకముందు ఒక పని చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. ప్రతి సరుకుకూ ఒకే పేరు, ఒకే కొలత. మూడు బ్రాంచిల స్టోర్ పుస్తకాలూ ముందేసుకుని కూర్చోండి. ఒకచోట ‘మినప్పప్పు’, ఇంకోచోట ‘ఉద్దిపప్పు’, మూడోచోట ‘మినపగుండ్లు’ అని ఉంటుంది. చిత్తూరు వైపు కుర్రాళ్లు ఉద్దిపప్పు అనే రాస్తారు, మనిషికి అది తప్పు కాదు. కంప్యూటర్‌కు మాత్రం అవి మూడు వేర్వేరు సరుకులు. ఎక్సెల్‌లో ఒక పట్టీ చేసి పేరు, కొనే కొలత, వాడే కొలత, ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే లెక్క రాయండి. మీ సైజు హోటల్‌కు రెండు వందల నుంచి మూడు వందల సరుకులు రావచ్చు. ఇద్దరు కూర్చుంటే వారం పని. ఆకుకూరలకూ కరివేపాకుకూ కట్టల లెక్క పెట్టి తలనొప్పి తెచ్చుకోకండి, వాటికి రోజువారీ డబ్బు లెక్క చాలు.

తర్వాత తిరుచానూరు రోడ్డు వంటగది నుంచి బ్రాంచిలకు వెళ్లే సరుకు. నా అనుభవంలో మీలాంటి హోటళ్లకు ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఫోన్ చేసి ‘రేపు ఇడ్లీ పిండి నాలుగు బకెట్లు పంపన్నా’ అంటారు, పంపుతారు, అయిపోయింది. ఎంత అడిగారు, ఎంత పంపారు, ఎంత అందింది, ఎంత మిగిలింది అన్న నాలుగు అంకెలు ఎక్కడా ఉండవు. ఇండెంట్ పద్ధతి అంటే ఈ నాలుగు అంకెలే. పంపినవాడు ఒక అంకె వేయాలి, అందుకున్నవాడు తాను తూచి ఇంకో అంకె వేయాలి. రెండూ ఒకే మనిషి వేస్తే ఆ లెక్కకు విలువ లేదు.

పిండిని బకెట్ల లెక్కన ఎప్పుడూ పంపకండి. పిండి పులిసి పొంగుతుంది. రాత్రి సగం ఉన్న బకెట్ తెల్లారేసరికి అంచుకు వస్తుంది. బరువు మాత్రం మారదు. కాబట్టి తూకమే నమ్మాలి. ఖాళీ బకెట్ బరువు దాని మీదే పెయింటుతో రాయించండి, తీసివేత సులువవుతుంది. ప్రతి బ్రాంచిలో వంద కిలోల ఎలక్ట్రానిక్ కాటా పెట్టండి. నన్నడిగితే మీరు కొనాల్సిన మొదటి యంత్రం కంప్యూటర్ కాదు, ఇదే.

వృథా లెక్క గురించి ఒక గట్టి మాట. పారబోసింది రాసినందుకు ఎవరికీ కోత పెట్టకండి. ఒక హోటల్లో సాంబారు మిగిలిందని రాసిన కుర్రాడికి జీతంలో కోశారు. మర్నాటి నుంచి ఆ కాలమ్‌లో సున్నాలే. సాంబారు మాత్రం మునుపటిలాగే కాలువలోకి వెళ్లింది. నిజం రాసినవాడికి భయం లేనప్పుడే మీకు నిజం తెలుస్తుంది.

ఇండెంట్ నెల రోజులు కాగితం మీద నడిచాక బిల్లింగ్‌కు రండి. ఇప్పుడు మీ మూడు చోట్లా మూడు రకాల మెషిన్లు ఉన్నాయని రాశారు. వాటిని తీసేసి అన్నిచోట్లా ఒకే పీవోఎస్ (కౌంటర్‌లో బిల్లు కొట్టే సిస్టమ్) పెట్టండి. మెనూ ఒకచోట మారిస్తే నాలుగు చోట్లా మారాలి. పెట్‌పూజా, గోఫ్రూగల్ లాంటివి మన వైపు చాలా హోటళ్లకు తెలిసినవే. వీటిలో ఏది గొప్పదని నేను చెప్పను. మీ బస్టాండు బ్రాంచిలో ఉదయం ఏడు నుంచి పది దాకా వచ్చే రద్దీలో పదిహేను రోజులు పెట్టి చూడండి, ఏది సరిపోతుందో మీ క్యాషియరే చెబుతాడు. ఇడ్లీ, వడ, కాఫీకి బిల్లు కొట్టడానికి మూడు నొక్కుల కంటే ఎక్కువ పడితే ఆ సాఫ్ట్‌వేర్ టిఫిన్ హోటల్‌కు పనికిరాదు.

ఇంటర్నెట్ లేకపోయినా బిల్లూ, కేవోటీ (వంటగదికి వెళ్లే ఆర్డర్ చీటీ) రెండూ ఆగకూడదు. ఈ ఒక్కటీ ఖాయం చేసుకోకుండా సంతకం పెట్టకండి. ఓ పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారం మాకు జరిగింది చెబుతాను. తమిళనాడు నుంచి బస్సులకు బస్సులు దిగాయి. లోపల రెండు వందల మంది, బయట ఇంకా అంతమంది. బయట రోడ్డు పనుల్లో కేబుల్ తెగి నెట్ పోయింది. మా సిస్టమ్ పూర్తిగా నెట్ మీద నడిచేది. బిల్లు రాదు, వంటగదిలో ఆర్డర్ ప్రింటవదు. సప్లయర్లు (వడ్డించే కుర్రాళ్లు) కేకలేస్తూ ఆర్డర్లు చెప్పారు. పిల్లలతో వచ్చినవాళ్లు గంట కూర్చుని లేచి వెళ్లిపోయారు. దర్శనానికి వెళ్లాల్సినవాళ్లను ఆకలితో పంపామే అన్న బాధ నాకు ఈనాటికీ ఉంది. ఆ సోమవారమే లోపలి నెట్‌వర్క్ మీద నడిచే సిస్టమ్‌కు మారాం. దాంతోపాటు రెండో కంపెనీ సిమ్‌తో ఒక డాంగిల్, ప్రింటర్లకు కూడా సరిపోయే యూపీఎస్, ప్రతి బ్రాంచిలో నంబర్లు వేసిన రెండు బిల్లు పుస్తకాలు.

వంటగది క్రమశిక్షణ ఒక్క వాక్యమే: కేవోటీ లేకుండా ప్లేటు బయటికి రాదు. యజమాని కాఫీకైనా సరే. మీ నాన్నగారు పాటిస్తేనే మిగతావాళ్లు పాటిస్తారు. ఆయనకు మీరే నచ్చజెప్పాలి. కేవోటీ ఏ భాషలో రావాలో కూడా చూసుకోండి. కొన్ని థర్మల్ ప్రింటర్లలో తెలుగు అక్షరాలు బొమ్మలాగా ప్రింటై నెమ్మదిస్తాయి. వంటగదిలో ఒడిశా, బెంగాల్ కుర్రాళ్లు ఉంటే తెలుగు చదవలేరు. అలాంటిచోట ఒక్కో ఐటమ్‌కు ఒక నంబరు పెట్టి గోడకు పెద్ద పట్టీ అంటిస్తే బాగా పనిచేసింది.

రద్దు చేసిన బిల్లుల రిపోర్టు రోజూ చూడండి, కానీ తొందరపడి ఎవరినీ దొంగ అనకండి. ఒక బ్రాంచిలో రాత్రి తొమ్మిదిన్నర తర్వాత రద్దులు బాగా పెరిగాయి. యజమాని క్యాషియర్‌ను అప్పుడే మాన్పిస్తానన్నారు. నేను రెండు రాత్రులు పక్కనే కూర్చున్నాను. ప్రింటర్ వేడెక్కి సగం బిల్లే వస్తోంది. మళ్లీ ప్రింటు తీసే అధికారం అతనికి ఇవ్వలేదు. పాపం, పాత బిల్లు రద్దు చేసి కొత్తది కొడుతున్నాడు. కంప్యూటర్ ఏం జరిగిందో చెబుతుంది, ఎందుకు జరిగిందో మాత్రం మనం వెళ్లి చూడాలి. రద్దుకు మేనేజర్ పిన్ పెట్టండి, మళ్లీ ప్రింటు తీసే వీలు క్యాషియర్‌కు ఇవ్వండి.

పన్నుల విషయంలో మీరు జాగ్రత్తపడాల్సినవి కొన్నే. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు బ్రాంచిలూ ఒకే జీఎస్టీ నంబరు కింద అదనపు చిరునామాలుగా ఉండొచ్చు. అలా ఉంటే ఒక్కో బ్రాంచికి ఒక్కో బిల్లు సిరీస్ పెట్టండి. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఏడాదిలో రెండోసారి రాకూడదు. నాలుగు చోట్లా ఒకటి నుంచి మొదలయ్యే నంబర్లు ఉంటే రిటర్న్ వేసేటప్పుడు మీ ఆడిటర్‌కు టెన్షన్. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ ఏ చిరునామాకు ఆ చిరునామాకే విడిగా ఉంటుంది. ఆ 14 అంకెల నంబరు బిల్లు మీద ఉండాలన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఒక బ్రాంచి బిల్లు నమూనాను కాపీ చేసి ఇంకో బ్రాంచిలో పెట్టేటప్పుడు పాత నంబరే ఉండిపోతుంది. శ్రీకాళహస్తిలో ఈ పొరపాటు రానివ్వకండి.

స్విగ్గీ, జొమాటో ఆర్డర్లది వేరే లెక్క. అదే 2022 జనవరి 1 నుంచి వాటి ద్వారా అమ్మిన భోజనం మీద జీఎస్టీ కట్టాల్సింది ఆ కంపెనీలే. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ అమ్మకాలను విడిగా గుర్తు పెట్టకపోతే మీ రిటర్న్‌లో కలిసిపోయి, వాళ్లు కట్టిన పన్నును మీరూ కడతారు. నాకు తెలిసిన ఒకాయన ఏడు నెలలు అలా కట్టారు. వాళ్ల నుంచి బ్యాంకులో పడే డబ్బు కూడా అమ్మకంతో సరిపోలదు. కమిషన్, దాని మీద పన్ను, టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను), ఆఫర్లలో మీ వాటా పోగా వస్తుంది. ప్రతి వారం వాళ్ల స్టేట్‌మెంట్‌నూ మీ బిల్లులనూ ఆర్డర్ నంబరు వారీగా పోల్చే మనిషి ఒకరు ఉండాలి. రోజూ అరగంట చూసుకుంటే వారం లెక్క తేలిపోతుంది.

యూపీఐ సంగతి: టేబుల్ మీద అంటించే స్టిక్కర్ క్యూఆర్ కంటే, బిల్లు మొత్తంతో సహా స్క్రీన్ మీద వచ్చే క్యూఆర్ పెట్టండి. ఏ బిల్లుకు డబ్బు వచ్చిందో దానంతటదే జత కూడుతుంది. ఇంట్లోవాళ్ల సొంత ఖాతాల క్యూఆర్‌లు ఎక్కడైనా ఉంటే ఈరోజే తీసేయండి. అన్నదమ్ముల మధ్య మాట పడేది అక్కడే.

ఇక వంటకాల లెక్క. ఇది చివర్లోనే ఎందుకంటే పైవన్నీ సరిగ్గా ఉంటేనే దీనికి అర్థం ఉంటుంది. ఒక ప్లేటు వడకు ఎంత పప్పు, ఎంత నూనె అని సిస్టమ్‌లో పెడితే, అమ్మిన వడలకు ఎంత పప్పు అయి ఉండాలో అదే చెబుతుంది. నిజంగా ఎంత అయిందో స్టోర్ చెబుతుంది. రెండింటి తేడా మీరు చూడాల్సిన అంకె. ఐటమ్‌లన్నీ మొదటిరోజే ఎక్కించాలని చూడకండి. మీ అమ్మకంలో పెద్ద భాగం పదిహేను, ఇరవై ఐటమ్‌ల నుంచే వస్తూ ఉంటుంది. వాటితో మొదలుపెట్టండి.

ఈ పనిలో మాస్టర్ మీ పక్కన ఉండాలి. చేతి కొలతతో వండే మనిషిని గ్రాములు అడిగితే తన మీద అనుమానపడుతున్నారనుకుంటాడు. నేనొక మాస్టర్‌తో మూడు పొద్దులు వరసగా తెల్లవారుజామున నాలుగింటికి కూర్చున్నాను. ఆయన చేత్తో తీసిన ప్రతిసారీ పక్కనే తూచాను. మూడు రోజుల్లోనూ ఉప్పూ పప్పూ కొద్ది గ్రాముల తేడాతో ఒకటే. ఆ కాగితం ఆయనకే చూపించాను. నవ్వి, మిగతా వంటలు తనే పిలిచి రాయించాడు. అసలు తేడా ఎక్కడుందంటే బ్రాంచిల్లో. ఒకచోట వడ 45 గ్రాములు, ఇంకోచోట 60. సాంబారు గరిటెలు ఒక్కో బ్రాంచిలో ఒక్కో సైజు. అన్ని బ్రాంచిలకూ ఒకే గరిటెలు కొన్నాం. ఆ నెల నుంచే లెక్క దగ్గరపడింది.

మన ఊరికి మాత్రమే సంబంధించిన ఒక విషయం బయటి ఊళ్ల సాఫ్ట్‌వేర్ కంపెనీలకు తట్టదు. రేపటికి ఎంత వండాలో చెప్పడానికి సిస్టమ్ పోయిన ఏడాది ఇదే తేదీని చూస్తుంది. తిరుపతిలో రద్దీ తేదీని బట్టి రాదు, తిథిని బట్టి వస్తుంది. 2023లో అధిక మాసం రావడంతో శ్రీవారికి రెండు బ్రహ్మోత్సవాలు జరిగాయి, సెప్టెంబరు 18 నుంచి 26 వరకు ఒకటి, అక్టోబరు 15 నుంచి 23 వరకు ఇంకొకటి. 2024లో ఒక్కటే, అక్టోబరు 4 నుంచి 12 వరకు. తేదీకి తేదీ పోల్చిన సిస్టమ్ 2024 సెప్టెంబరులో లేని రద్దీకి పిండి రుబ్బమంటుంది, అక్టోబరు మొదటి వారంలో ఉన్న రద్దీకి తక్కువ చెబుతుంది. కాబట్టి ప్రతి రోజుకూ ఒక గుర్తు పెట్టే వీలు అడగండి: గరుడ సేవ, వైకుంఠ ఏకాదశి, పెరటాసి శనివారం, వరస సెలవులు, తిరుచానూరు అమ్మవారి పంచమీ తీర్థం. శ్రీకాళహస్తికి మహాశివరాత్రి, గ్రహణాలు. గ్రహణం రోజు చాలా గుళ్లు మూసినా శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంటుంది, అక్కడ పూజలకు జనం వస్తారు. బస్టాండు బ్రాంచి లెక్క దానికి పనికిరాదు.

ఆ నాలుగున్నర లక్షల కంపెనీని ఇంకా కాదనకండి, కొన్ని మాటలు రాతపూర్వకంగా అడగండి. రేపు మీరు మానేస్తే బిల్లులు, స్టోర్ లెక్కలు మొత్తం ఎక్సెల్‌లో ఇస్తారా? జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, డేటా వాళ్ల దగ్గరే ఇరుక్కుపోతే మీకే ఇబ్బంది. రెండో ఏడాది నుంచి బ్రాంచికి ఎంత కట్టాలి? ఆదివారం ఉదయం ఏడింటికి ఫోన్ ఎత్తేదెవరు, తెలుగులో మాట్లాడతారా? ట్యాలీ (ఖాతాలు రాసే సాఫ్ట్‌వేర్)లోకి లెక్క తిన్నగా వెళ్తుందా? మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే, ఖాతాల్లో ఎవరు ఏం మార్చారో చెరిపేయలేని విధంగా నమోదయ్యే సాఫ్ట్‌వేర్ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. అది ఉందా? ఈ జవాబులు చూశాక స్టోర్, బిల్లింగ్ భాగాలకు మాత్రమే రేటు అడగండి.

శ్రీకాళహస్తి ప్రారంభం రోజునే కొత్త సిస్టమ్ కూడా మొదలుపెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. కొత్త వంటగది, కొత్త మనుషులు, కొత్త కంప్యూటర్ మూడూ ఒకేరోజు తట్టుకోలేరు. ముందు తిరుచానూరు రోడ్డులో స్టోరూ బిల్లింగూ రెండు నెలలు నడవనివ్వండి. తర్వాత చిత్తూరు. బస్టాండు రద్దీ ఎక్కువ కాబట్టి, వేసవి సెలవులు లేని రోజు చూసి దాన్ని మూడోదిగా మార్చండి. శ్రీకాళహస్తిలో పనిచేయబోయే క్యాషియర్‌నూ స్టోర్ కుర్రాణ్ణీ ఈలోపు తిరుచానూరు రోడ్డులో నెల రోజులు కూర్చోబెట్టండి. పాత మెషిన్‌ను మొదటి పదిహేను రోజులు పక్కనే ఉంచుకోండి, రెండు లెక్కలూ రాత్రి పోల్చుకోవచ్చు.

మీ నాలుగు బ్రాంచిలూ ఒకే జీఎస్టీ నంబరు కింద ఉన్నాయా, తిరుచానూరు రోడ్డు నుంచి రోజుకు ఏయే సరుకులు బయటికి వెళ్తున్నాయి, ఈ రెండూ కింద రాయండి. మేం వాడిన ఇండెంట్ కాగితం నమూనా మీ సరుకులకు తగ్గట్టు తయారుచేసి ఇక్కడే పెడతాను.